కాలము – కౌశలము – కైంకర్యము

మానవునకు వార్ధక్యము రెండు త్రోవల వచ్చును. మొదటిది దేహమునకు వచ్చునది. దానిని గూర్చి మన పెద్దలు చెప్పవలసినదంతయు చెప్పియున్నారు. ప్రతి పురాణ కాలక్షేపమునందును వినుచునే యున్నాము. రెండవది నేర్చిన విద్యకు వచ్చునది. కన్ను చక్కగా కనబడుచుండగనే, చేతికి వణుకు పుట్టకమునుపే, ఆ చేయి ఏండ్ల తరబడి సాధన చేసి నేర్చిన పని లోకమునకు అక్కరలేనిదగుట. ఈ రెండవ వార్ధక్యమును గూర్చి మనము విచారించినది తక్కువ. పూర్వము అట్టి అవసరము అంతగా కలుగలేదు కాబోలు. తాత పట్టిన ఉలిని మనుమడు పట్టెడివాడు. ఒక పనిముట్టు మారుటకు తరములు పట్టెడివి. నేడు ఒక్క మనిషి ఉద్యోగకాలములోనే పనిముట్టు మూడు నాలుగు పర్యాయములు మారుచున్నది. మారినప్పుడెల్ల "ఇంతకాలము నేను నేర్చినది ఏమైనది? అది పోయిన పిమ్మట నేనెవడను?" అని మనిషి తన్ను తాను అడుగుకొనవలసి వచ్చుచున్నది. జీతమునకు సంబంధించినట్లు కనబడు ఈ ప్రశ్న లోలోపల స్వరూపవిచారమే.

ఉదాహరణమునకై దూరము పోనక్కరలేదు. విజయవాడ మీదుగా పోవు యాత్రికులకు గవర్నర్‌పేటతో అంతగా పని ఉండదు. వారి చూపు కొండ మీదను, కృష్ణ మీదను, ఏటికి ఆవలనున్న మంగళగిరి పానకాలస్వామి మీదను ఉండును. కాని వారి చేతిసంచిలోని స్తోత్రపుస్తకమునకు, వ్రతకల్పమునకు, పంచాంగమునకు ఆ ప్రాంతముతో చాల పని ఉండెడిది. గవర్నర్‌పేటయు ఏలూరు రోడ్డును పుస్తకాల అంగళ్లకు, అచ్చుకూటములకు పేరొందినవి. ఇరువదవ శతాబ్ది ద్వితీయార్ధమున విజయవాడ తెలుగు ప్రచురణకు పెద్ద కేంద్రమైనది. 1952లో విశాలాంధ్ర, 1960లో ఆంధ్రజ్యోతి దినపత్రికలు ఈ నగరముననే పుట్టినవి. పత్రికలు పెద్దవి, శుభలేఖలు, కరపత్రములు, బడిపుస్తకములు, గోవిందనామావళులు వేయు చిన్న అచ్చుకూటములు మరెన్నియో వెలసినవి. వానియందు కేసుల యెదుట నిలువబడి పనిచేయు కంపోజిటరు ఉండెడివాడు.

ఆ పనిని కన్నులార చూడని తరము పెరిగి పెద్దదైనది; కావున నాలుగు మాటలు చెప్పవలెను. సీసము, ఆంటిమొని, తగరము కలిపి పోతపోసిన అక్షరములు చిన్న చిన్న గళ్లుగల చెక్క అరలలో నుండును. ఆ అరలకే కేసులని పేరు. ఇంగ్లీషునకు ఇరువదియారు అక్షరములు, వాని పెద్దబడి చిన్నబడి రూపములు, అంకెలు ఉన్న చాలును. తెలుగునకు తలకట్లు, గుడులు, కొమ్ములు, ఏత్వములు, క్రింద చేరు వత్తులు అన్నియు కలిసి వందలకొద్ది ముక్కలు. ఏ గడిలో ఏ ముక్క ఉన్నదో చూడకయే చేయి పోవలెను. ఎడమచేత స్టిక్కు పట్టుకొని, కుడిచేత ముక్కలు ఏరి, తలక్రిందుగా పేర్చవలెను, తలక్రిందుగనే చదువవలెను. పంక్తి నిండవలెను, ఇరుకు కారాదు. పేర్చిన పంక్తులు గ్యాలీకి ఎక్కి, ప్రూఫు తీయబడి, దిద్దబడి, ఫారమై బిగింపబడి ట్రెడిలు మీదికో సిలిండరు యంత్రము మీదికో పోవును. అచ్చు ముగిసిన పిమ్మట ఆ ముక్కలనన్నిటిని విప్పి, ఏ గడిది ఆ గడిలో మరల వేయవలెను. ఆ చివరి పని చూచువారికి విసుగు. నేర్చువానికి అదియే అక్షరాభ్యాసము.

అట్లు ఏండ్లు గడిపిన కంపోజిటరునకు అక్షరము మీద కలుగు అధికారము పండితుని అధికారము వంటిది కాదు. స్తోత్రములోని సమాసమునకు అర్థము ఆతడు చెప్పలేకపోవచ్చును. కాని విసర్గ పోయినచో, దీర్ఘము హ్రస్వమైనచో, ఒత్తు జారినచో, ఎక్కడనో ఏదో తక్కువైనదని ఆతని వ్రేలు ఆగును. ఈ ఆగుటను మనము గుర్తుంచుకొందము.

1980వ దశకమునందును, ఆ తరువాతి దశకమునందును ఆఫ్‌సెట్టు ముద్రణము వ్యాపించి, దాని వెంట కంప్యూటరు అక్షరకూర్పు వచ్చినది. పేజ్‌మేకర్ అను సాధనము 1985లో అమెరికాలో వెలువడినది. కొన్ని ఏండ్లకే తెలుగు అక్షరములు దానిలో దిగినవి. డి.టి.పి. అను మూడక్షరముల బోర్డు ప్రతి సందులోను కనబడజొచ్చినది. కేసులు వీధిలోనికి వచ్చినవి. సీసపు అక్షరములు తూకమునకు అమ్ముడుపోయినవి. 'శ్రీ' అను ముక్కకును, పంక్తి చివరి చుక్కకును కిలో ఒక్కటే ధర. కంపోజిటర్లలో కొందరు ధైర్యము చేసి కీబోర్డు నేర్చిరి. కొందరు ప్రూఫురీడర్లైరి. కొందరు బైండింగు బల్ల చేరిరి. కొందరు ఆ వృత్తినే విడిచిరి.

టైపురైటింగు ఇన్‌స్టిట్యూట్ల కథయు దీనికి చుట్టమే. లోయరు పరీక్షకు నిమిషమునకు 30 మాటలు, హయ్యరునకు 45. ఆ సర్టిఫికెట్టుతో గుమాస్తా ఉద్యోగము, ఆ ఉద్యోగముతో పెండ్లి కుదిరిన ఇండ్లు డెల్టాలో ఎన్నియో. గోద్రెజ్ సంస్థ 1955లో ప్రారంభించిన టైపురైటర్ల తయారీని 2009లో నిలిపివేసినది. తంతి తీగె 2013 జూలై 14తో మూగవోయినది. అయినను ఇంగ్లీషు టైపిస్టుకు ఒక అదృష్టము కలదు: యంత్రము పోయినను మీటల వరుస పోలేదు, నేర్చిన వ్రేళ్లు క్రొత్త బల్ల మీదికి యథాతథముగా నడచినవి. కంపోజిటరునకు ఆ పాటి వంతెన కూడ దక్కలేదు.

ఇంతటితో ఆగినచో పాతది పోయి క్రొత్తది వచ్చినదని ఊరకుండవచ్చును. ఆ క్రొత్తదియు పాతబడుటయే ఇందలి విశేషము. కంపోజిటరు స్థానమున కూర్చున్న డి.టి.పి. కుర్రవాడు 'అను' అక్షరములను, వాని మీటల వరుసను వ్రేళ్లకు అలవాటు చేసికొనెను. ఆ అక్షరములు కంటికి తెలుగే. యంత్రము లోపల మాత్రము అవి ఇంగ్లీషు గుర్తులకు తొడిగిన తెలుగు ముసుగులు. ఆ ఫాంటు లేని యంత్రములో తెరచినచో సుప్రభాతమైనను పొసగని గుర్తుల గుంపుగా కనబడును. ప్రపంచ లిపులలో ఒక్కొక్క అక్షరమునకు ఒక్కొక్క స్థిరసంఖ్య నిచ్చు యూనికోడ్ పద్ధతి 1991లోనే తెలుగునకు చోటిచ్చినను, అది మన వాడుకలోనికి వచ్చుటకు చాల ఏండ్లు పట్టినది. పేజ్‌మేకర్ చివరి రూపము 2001లో వచ్చి అంతటితో ఆగిపోయినది. ఒకనాటి కుర్రవాడు నడివయస్సున మరియొక మీటల వరుస ముందు పసివానివలె కూర్చుండవలసి వచ్చెను. మూడువందల యేండ్లనాటి తాటియాకు గ్రంథమును లిపి తెలిసినవాడు నేటికిని దీపము దగ్గర పెట్టుకొని చదువగలడు. ముప్పదియేండ్లనాటి డి.టి.పి. ఫైలును చదువుటకు ఆనాటి ఫాంటో, మార్చియిచ్చు సాధనమో వెదకవలెను. విద్య పాతబడినపుడు విద్యావంతునితో పాటు ఆతడు చేసిన పని కూడ చీకటిలో పడుచున్నది.

డెల్టా కుటుంబములలో ఈ కథ మూడవ మెట్టు చేరినది. 2000 సంవత్సరము వచ్చుచున్నదనగా, సంవత్సరమును రెండు అంకెలతోనే వ్రాసికొన్న కంప్యూటర్లు 00ను చూచి 1900 అని భ్రమపడునను భయము పుట్టినది. ఆ లెక్కలు సవరించుటకై ఎందరో తెలుగు యువకులు కోబాల్ అను భాషను నేర్చి సముద్రములు దాటిరి. ఆ పని ముగిసినది. హైదరాబాదు అమీర్‌పేటలో శిక్షణాలయముల బోర్డులు మారినవి. 1995లో వెలువడిన జావా కొంతకాలము రాజ్యమేలినది. విజువల్ బేసిక్ పాత వరుసలో చివరిది 1998లో వచ్చినది. ఒకప్పుడు ప్రతి వెబ్‌సైటునందు నాట్యమాడిన ఫ్లాష్‌ను దాని యజమానులే 2020 చివర నిలిపివేసిరి. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన పిమ్మట ప్రోగ్రామును వ్రాసిపెట్టు యంత్రములే వచ్చినవి. తాతకు ఒక విద్య జీవితమంతయు అన్నము పెట్టెను. తండ్రికి అది సగము త్రోవలో చేయి విడిచెను. మనుమనికి ఐదేండ్లు నిలుచునో నిలువదో! గుడివాడలోనో తెనాలిలోనో ఉన్న తల్లిదండ్రులకు కుమారుని జీతము తెలియును గాని, ముప్పదియైదేండ్లకే "నేను పాతవాడనైతిని" అను దిగులు అతనికి కలదని తెలియదు. అతడును చెప్పడు.

కాలము ఒక్కొక్కప్పుడు పరిహాసమాడును కూడ. 1959లో పుట్టిన ఆ కోబాల్ భాష ఏనాడో చచ్చినదని అందరు అనుకొనిరి. 2020 ఏప్రిలులో, కరోనా వేళ, నిరుద్యోగులకు ఇవ్వవలసిన భృతి లెక్కలు చూచు పాత యంత్రములు తట్టుకొనలేకపోగా, అమెరికాలోని న్యూజెర్సీ గవర్నరు కోబాల్ తెలిసినవారు వచ్చి ఆదుకొనుడని బహిరంగముగా అర్థించెను. అప్పుడు పిలువబడినవారు అంతకుముందు అక్కరలేని ముసలివారే.

కంపోజిటరు విద్య పోయినపుడు లోకము పెద్దగా దుఃఖింపలేదు. దీనికి నాకు తోచిన హేతువు ఒకటి కలదు. కృష్ణాజిల్లాలో పెడన కలంకారి అద్దకము నేటికిని నిలిచియున్నది. మంగళగిరిలో మగ్గము ఆడుచున్నది. యంత్రములు వానిని తరుమలేదా? తరిమినవి. కాని బట్టను కొనువాడు అందు మనిషి చేతిజాడను వెదకును. దానికే ధర యిచ్చును. చదువరి పుస్తకములో కంపోజిటరు చేతిజాడను వెదకడు. అది కనబడినచో తప్పుగా ఎంచును. ఆతడు జ్ఞాపకమునకు వచ్చునది అచ్చుతప్పు కనబడినప్పుడే. పని ఎంత చక్కగా సాగిన అంతగా చేసినవాడు మరుగున పడు వృత్తి అది. అట్టి వృత్తి పోయినపుడు లోకము తానేమి పోగొట్టుకొన్నదో తెలిసికొనలేదు.

తాళ్లపాక వారి రాగిరేకుల సంగతి చూడుడు. అన్నమాచార్యుల వారు (1408–1503) పాడిన సంకీర్తనములు వారి వంశీయుల కాలమున రాగిరేకుల మీద చెక్కబడి తిరుమలలో భద్రపరుపబడినవి. ఇరువదవ శతాబ్ది తొలి దశకములలో అవి మరల వెలుగు చూచి, సీసపు అక్షరములతో అచ్చుపడి, నేడు ఫోను తెర మీద కనబడుచున్నవి. పాడినవారి పేరు నిత్యము తలచుచున్నాము. రాగి మీద తెలుగు అక్షరమును అంత చిన్నదిగా, అంత పొందికగా చెక్కిన చేతులను గాని, ఆ రేకులను చూచి వ్రాసి, ఆ వ్రాతను చూచి కూర్చిన కంపోజిటరును గాని ఎవరు తలచుచున్నారు? ముగ్గురి పనిముట్లు మూడు. మొదటి పనిముట్టు పోయినది, రెండవది పోయినది. సంకీర్తనము మన చెవికి చేరినది.

ఇట్లనుట సులభము. విద్య పోగొట్టుకొన్నవాని యెదుట కూర్చుండి చెప్పుట కష్టము. లోకము ఆతనికి సాధారణముగా రెండు ఓదార్పులు చెప్పును. "ఇది కాలధర్మము" అనునది మొదటిది. ఆ మాటను ఆ కాలమువలన లాభపడినవాడే ఎక్కువగా పలుకును. కావున దానికి విలువ లేదు. "ఫలమును కోరక కర్మ చేయుమని గీతాచార్యుడు చెప్పలేదా?" అనునది రెండవది. చెప్పెను. కాని అచట విడువుమన్నది ఫలమును గూర్చిన ఆశను. ఇచట పోయినది కర్మయే. తన స్వభావమునకు తగిన పనితోనే భగవంతుని అర్చించి మనిషి సిద్ధిని పొందునని పదునెనిమిదవ అధ్యాయము భరోసా నిచ్చుచున్నది గదా. ఆ పనిని యంత్రము లాగికొన్నచో అర్చన దేనితో? ఫలత్యాగమును గూర్చిన ఉపదేశమును ఈ గాయమునకు పట్టువేయుట, నా తలంపున, శాస్త్రమును తప్పుచోట వాడుట.

మన సంప్రదాయములో దీనికి దగ్గరి సమాధానము ఆదిశేషుని యందు కనబడుచున్నది. స్వామి నడచునపుడు శేషుడు గొడుగు, కూర్చుండునపుడు సింహాసనము, నిలుచునపుడు పాదుకలు, శయనించునపుడు పాన్పు. ఇందు శేషుని 'వృత్తి' ఏది? గొడుగు పట్టుటయా, పాన్పగుటయా? ఏదియు కాదు. ఎదుటివాని అవసరము ఏ రూపము కోరునో ఆ రూపము దాల్చుటయే ఆతని శేషత్వము. రూపములు వచ్చి పోవునవి. జీవునకు శేషత్వము స్వరూపమనియు, తక్కిన ఉపాధులు నడుమ వచ్చినవనియు మన ఆచార్యులు చెప్పిన దానిని ఈ వీధిలోనికి తెచ్చి చూచినచో, సీసపు ముక్కలను ఏరుట నడుమ వచ్చినది. అక్షరము చదువరికి తప్పు లేక చేరవలెనను తపన దానికంటె లోపలిది. స్టిక్కు పోయినను విసర్గ దగ్గర వ్రేలు ఆగుట పోలేదు. ప్రోగ్రామరునకును ఇంతియే. భాష పోవును, ఎచట లెక్క తప్పునో ముందుగా పసిగట్టు జాగ్రత్త, దాని వెనుక తన జీతమో పింఛనో తప్పిపోవు మనిషి ఉన్నాడను స్పృహ, ఒక భాషతో పుట్టినవి కావు.

అయితే శేషునకు రూపము మార్చుటకు క్షణము చాలును. మనిషికి ఆరునెలలు పట్టును, ఒక్కొక్కప్పుడు రెండేండ్లు. ఆ నడుమ ఇంటిలో బియ్యము కావలెను, బిడ్డల ఫీజులు కట్టవలెను. ఇది మరచి శేషత్వమును ఉపదేశించువాడు ఆకలిగొన్నవానికి అన్నమును వర్ణించినవాడగును. కావున ఈ ధర్మవిచారములో సగము భారము విద్య పోయినవాని మీద కాక, క్రొత్త యంత్రమును కొన్నవాని మీద పడుచున్నది. అచ్చుకూటపు యజమాని యంత్రము వెలను లెక్కించును, కరెంటును లెక్కించును, గదికి చలువ యంత్రమును కూడ లెక్కించును. ఇరువదియేండ్లు తన కేసుల ముందు నిలిచినవాడు క్రొత్త పని నేర్చుటకు పట్టు కాలమును ఆ ఖర్చులో ఒక పద్దుగా వ్రాయవలదా? దానిని దయ యనుట తగదు, అది బాకీ. ఆ మనిషి నిలిచిన కాలములోనే ఆ యంత్రమునకు పెట్టుబడి సమకూరినది.

నేర్చువాని వైపున మరియొక కష్టము కలదు. దానిని గూర్చి ఎవరును బయటికి చెప్పరు. అది సిగ్గు. చేతి క్రింద శిష్యులున్న మనిషి, తన కొడుకు వయస్సు కుర్రవాని ప్రక్కన కూర్చుండి, ఏ మీట నొక్కవలెనో అడుగవలెను. ఆ కుర్రవాడు నవ్విన ఒక్క నవ్వు చాలును, మరునాడు పెద్దమనిషి రాడు. మన ఇండ్లలోను ఇదియే జరుగుచున్నది. దర్శనపు టికెట్టును ఫోనులో తీసికొనుట రాని తాతగారి చేతినుండి ఫోను లాగికొని "మీకు రాదు లెండి" అనుచున్నాము. పని అగును గాని ఆయన నేర్చుకొనరు.

కృష్ణాతీరమున శ్రీకాకుళములో ఆంధ్రమహావిష్ణువు స్వప్నమున కనబడి ఆనతీయగా కృష్ణదేవరాయలు రచించిన ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుల వృత్తాంతము పాఠకులు ఎరిగినదే. శ్రీవిల్లిపుత్తూరులో తులసిని, పూలను మాలలు కట్టి స్వామికి సమర్పించుటయే ఆయన ఎరిగిన విద్య. మధురకు పోయి రాజసభలో పండితులతో వాదింపుమని స్వామి ఆజ్ఞాపించెను. శాస్త్రవాదము తన పని కాదని, తోటపనివాడనని, తనవలన స్వామికి తలవంపులు కలుగునని ఆయన దిగులుపడెను. ఆ మాట అన్నందుకు స్వామి కోపింపలేదు; రాదని త్రోసివేయను లేదు. వెంటనుండి నడిపించెను. ఆయన గెలిచి, తిరిగి వచ్చి, మరల మాలలు కట్టుకొనెను.

ఆయనకు తిరిగి వచ్చుటకు తోట ఉండెను. గవర్నర్‌పేట కంపోజిటరునకు కేసులు కరిగిపోయినవి. అచ్చుతప్పులు మాత్రము కరగలేదు. యంత్రము కూర్చిన స్తోత్రపుస్తకములలో నేటికిని విసర్గలు పోవుచున్నవి, ఒత్తులు జారుచున్నవి, 'ణ' ఉండవలసిన చోట 'న' కూర్చుండుచున్నది. ఆనాటి కేసుల ముందు నిలిచిన పెద్దలు మన నడుమ ఇంకను ఉన్నారు. షష్టిపూర్తికో గృహప్రవేశమునకో చిన్న పుస్తకము వేయించి పంచిపెట్టు భక్తులు, అచ్చునకు పోకముందు ప్రూఫు ఒక్కమారు అట్టివారి చేతికి ఇచ్చి, చూచినందుకు పుటకింత అని ముందుగా మాటలాడుకొని, ఆ సొమ్మును ఖర్చు కాగితములో అచ్చుకూలి ప్రక్కనే వ్రాసికొనవచ్చును.